నకిలీ నోటును జేబులో వేసుకుంటాం.. అసలు నాణేన్ని వద్దంటాం!

పండగ ముందు రోజులు. మదీనా సర్కిల్ నుంచి పత్తర్‌గట్టి దాకా కాలు పెట్టే సందు ఉండదు. విజయవాడ వన్‌టౌన్‌లో, కర్నూలు పాతబస్తీలో కూడా అదే రద్దీ. తోపుడు బండి మీద పండ్లు అమ్ముకునే ఒకాయన దగ్గరికి ఓ కుర్రాడు వస్తాడు. బైక్ దిగడు, ఇంజిన్ ఆపడు. నలభై రూపాయల సరుకు తీసుకుని 500 నోటు ఇస్తాడు. "జల్దీ భాయ్, జల్దీ" అంటాడు. బండాయన 460 రూపాయల చిల్లర లెక్కపెట్టి చేతిలో పెడతాడు. మర్నాడు పొద్దున సరుకు కోసం హోల్‌సేల్ దుకాణానికి వెళ్తే అక్కడి సేట్ ఆ నోటును వెలుగుకి పెట్టి చూసి, "యే తో నక్లీ హై" అని తిరిగి ఇచ్చేస్తాడు.

ఆ బండాయన పోగొట్టుకున్నది ఒక కాగితం కాదు. 460 అసలు రూపాయలు, నలభై రూపాయల సరుకు. చాలా ఇళ్లలో అది ఒక రోజు సంపాదన.

ఇప్పుడు అదే బండి దగ్గరికి ఓ ముసలమ్మ వచ్చి నాలుగు పది రూపాయల నాణేలు ఇచ్చిందనుకోండి. "ఇవి నడవవమ్మా, నోటు ఉంటే ఇవ్వు" అనే మాట మన ఊళ్లలో ఎన్నిసార్లు వినలేదు? ఆమె ఇచ్చింది నూటికి నూరు పాళ్లు ప్రభుత్వం ముద్రించిన సొమ్ము. కానీ అది తిరిగి ఆమె కొంగులోకే పోతుంది.

మన బజార్లలో డబ్బు సమస్య ఈ రెండు సంఘటనల్లోనే ఉంది. చూడాల్సిన నోటును చూడకుండా తీసుకుంటున్నాం. తీసుకోవాల్సిన నాణేన్ని ఎవరో చెప్పారని తిప్పికొడుతున్నాం. రెండు చోట్లా నష్టపోతున్నది రోజువారీ నగదు మీద బతికే చిన్న మనిషే.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

రిజర్వ్ బ్యాంక్ ఏటా ఇచ్చే వార్షిక నివేదికలో, బ్యాంకుల్లో పట్టుబడిన నకిలీ నోట్ల లెక్క ఉంటుంది. నోట్ల రద్దు జరిగిన 2016-17లో ఆ సంఖ్య 7,62,072. జనం దగ్గరున్న పాత నోట్లన్నీ బ్యాంకుకు రావాల్సి రావడంతో ఆ ఏడాది అన్ని దొరికాయి. 2024-25 నాటికి అది 2,17,396కు తగ్గింది. పైకి చూస్తే మంచి వార్తే.

కానీ ఇందులో 500 నోటు కథ వేరు. 2020-21లో పట్టుబడిన కొత్త 500 నకిలీలు 39,453. 2023-24లో 85,711. 2024-25లో 1,17,722. అంటే ఒక్క ఏడాదిలోనే 37 శాతం పెరుగుదల. ఇప్పుడు దొరుకుతున్న మొత్తం నకిలీల్లో సగానికి పైగా 500 నోట్లే. 200 నోటు నకిలీలు కూడా అదే ఏడాది దాదాపు 14 శాతం పెరిగాయి.

కారణం అర్థం కానిదేమీ కాదు. 2023 మే 19న 2000 నోటును చలామణి నుంచి వెనక్కి తీసుకుంటున్నట్టు రిజర్వ్ బ్యాంక్ ప్రకటించింది. దాంతో జనం చేతుల్లో తిరిగే పెద్ద నోటు 500 అయింది. దేశంలో చలామణిలో ఉన్న నోట్ల మొత్తం విలువలో 86 శాతం ఈ ఒక్క నోటుదే. నకిలీ చేసేవాడు ఎక్కువ లాభం వచ్చేదాన్ని, ఎక్కువగా తిరిగేదాన్నే ఎంచుకుంటాడు.

అలాగని భయపడి 500 నోటే వద్దనుకోవాల్సిన పని లేదు. దేశంలో 6 వేల కోట్లకు పైగా 500 నోట్లు తిరుగుతున్నాయి. పట్టుబడిన నకిలీలను వాటితో పోల్చితే ఐదు లక్షల నోట్లకు ఒకటి చొప్పున కూడా లేదు. అయితే ఒక సంగతి మరచిపోవద్దు. ఇది బ్యాంకు దాకా వచ్చి దొరికినవాటి లెక్క మాత్రమే. బజార్లో చేతులు మారుతూ, బ్యాంకు గడప తొక్కనివి ఈ లెక్కలో ఉండవు. అవి బ్యాంకుకు ఎందుకు రావో కాసేపట్లో చూద్దాం. ముందు నోటును ఎలా చూడాలో తెలుసుకుందాం.

చూడండి, వంచండి, తాకండి

ఇంట్లో ఒక మంచి 500 నోటు తీసుకుని చదువుతూ చూడండి. పిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. అసలు నోటు ఎలా ఉంటుందో చేతికి, కంటికి అలవాటైతే నకిలీ దానంతట అదే తేడాగా అనిపిస్తుంది.

మొదట తాకండి. మన నోటు మామూలు చెక్క గుజ్జు కాగితం కాదు, పత్తితో చేసిన కాగితం. అందుకే కొత్త నోటు గరగరలాడుతుంది. గాంధీ బొమ్మ మీద, కుడివైపు ఉన్న అశోక స్తంభం గుర్తు మీద వేలు పెట్టి రాస్తే ఉబ్బెత్తుగా తగులుతుంది. ఎడమ, కుడి అంచుల్లో ఐదేసి ఏటవాలు గీతలు ఉంటాయి. అవీ వేలికి తెలుస్తాయి. కుడివైపు చిన్న గుండ్రటి గుర్తు ఉంటుంది. చూపు లేనివారి కోసం పెట్టిన గుర్తులివి. మనకూ పనికొస్తాయి. 200 నోటుకు నాలుగు గీతలు, వాటి మధ్య రెండు చిన్న వృత్తాలు. 100 నోటుకు నాలుగు గీతలు, ఒక త్రిభుజం గుర్తు. కలర్ ప్రింటర్ మీద తీసిన నోటు చేతికి నున్నగా జారుతుంది.

తర్వాత వంచండి. గాంధీ బొమ్మ పక్కన నోటు పైనుంచి కిందికి ఒక మెరిసే దారం ఉంటుంది. దాని మీద హిందీలో 'భారత్' అని, ఇంగ్లీషులో రిజర్వ్ బ్యాంక్ పొడి అక్షరాలు ఉంటాయి. నోటును అటూ ఇటూ వంచితే ఆ దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుంది. కింద కుడివైపు రూపాయి గుర్తుతో ఉన్న 500 అంకె కూడా అలాగే ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుంది. మామూలు ప్రింటర్ సిరా ఇలా రంగు మారదు. హడావుడిలో ఒక్క పరీక్షకే టైమ్ ఉంటే ఇదొక్కటి చేయండి. రెండు సెకన్లు కూడా పట్టదు.

మూడోది, వెలుగుకి ఎత్తి చూడండి. కుడివైపు ఖాళీ తెల్లటి భాగంలో గాంధీ బొమ్మ నీడ, పక్కనే 500 అంకె కనిపించాలి. ఇవి కాగితం లోపలే ఉంటాయి కాబట్టి వెలుగుకి పెడితేనే తేటగా కనిపిస్తాయి. నోటు బల్ల మీద ఉండగానే ఆ నీడ బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంటే అనుమానించాలి, పైన ముద్ర వేశారన్నమాట. మెరిసే దారం కూడా వెలుగులో ముక్కలుగా కాక ఒకే గీతలా కనిపించాలి. ఎడమవైపు ముందూ వెనకా సగం సగం ముద్రించిన గీతలు వెలుగులో కలిసి 500 అంకెగా ఏర్పడాలి.

నోటు నంబర్ చూడండి. పైన ఎడమవైపు, కింద కుడివైపు ఉండే నంబర్‌లో మొదటి మూడు అక్షరాలు, అంకెలు ఒకే సైజులో ఉండి, ఆ తర్వాతి అంకెలు ఎడమ నుంచి కుడికి పెద్దవవుతూ పోతాయి. కట్టలో రెండు మూడు నోట్లకు ఒకే నంబర్ ఉంటే ఇక పరీక్ష అక్కర్లేదు.

ఇప్పుడు నోటు తిప్పండి. ఎర్రకోట బొమ్మ ఉన్న వైపు 15 భాషల్లో నోటు విలువ వరుసగా రాసి ఉంటుంది. ఇంగ్లీషు అక్షర క్రమంలో ఆ పట్టిక అస్సామీతో మొదలవుతుంది. చివరి రెండు వరుసలు ఏమిటో తెలుసా? పద్నాలుగోది తెలుగు, పదిహేనోది ఉర్దూ. మన ఇళ్లలో మాట్లాడే రెండు భాషలూ పక్కపక్కనే ఉన్నాయి. భూతద్దం పెట్టి ఆ రెండు వరుసలనూ చదవండి. అసలు నోటులో అంత చిన్న అక్షరం కూడా అంచులు తెగి స్పష్టంగా ఉంటుంది. స్కాన్ చేసి తీసిన నోటులో అలుక్కుపోయి, చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. ముందువైపు ఉన్న ఇంగ్లీషు అక్షరాలను కూడా కూడబలుక్కుని చదవండి. 2025 ఏప్రిల్‌లో కేంద్రం అప్రమత్తం చేసిన ఒక రకం నకిలీ 500 నోట్లలో 'రిజర్వ్' అన్న మాట స్పెల్లింగే తప్పుగా ఉన్నట్టు వార్తలొచ్చాయి.

దుకాణాల్లో వాడే యూవీ లైటు గురించి ఒక మాట. ఆ లైటు కింద నోటు నంబర్లు మెరుస్తాయి కానీ కాగితం మెరవకూడదు. మామూలు తెల్ల కాగితమైతే మొత్తం నీలంగా మెరుస్తుంది. అయితే జేబులో ఉండిపోయి సర్ఫ్‌తో ఉతికిన అసలు నోటు కూడా కాస్త మెరవచ్చు. కాబట్టి ఒక్క లైటు చూసి తీర్పు చెప్పకుండా దారం, నీడ బొమ్మ కూడా చూడాలి.

రిజర్వ్ బ్యాంక్ 2020 జనవరి 1న తెచ్చిన 'మణి' యాప్‌ను కొందరు నకిలీ పట్టే యాప్ అనుకుంటున్నారు. అది కాదు. చూపు లేనివారికి అది ఎంత విలువ నోటో చెప్పడానికి మాత్రమే. అసలా నకిలీనా అనేది ఆ యాప్ చెప్పదు.

వాట్సాప్ చెప్పే నకిలీలు

అసలు నోటునే నకిలీ అని ప్రచారం చేయడం ఇంకో జబ్బు. నంబర్‌లో నక్షత్రం గుర్తు ఉన్న 500 నోట్లు నకిలీవని 2023లో మెసేజ్‌లు తిరిగాయి. ముద్రణలో పాడైన నోటు స్థానంలో కట్టలోకి వేరే నోటు చేరుస్తారు. దానికి గుర్తుగా పెట్టేదే ఆ నక్షత్రం. ఈ పద్ధతి చిన్న నోట్లకు 2006 నుంచి, 500 నోటుకు 2016 డిసెంబరు నుంచి ఉంది. 2023 జూలై 27న రిజర్వ్ బ్యాంక్ ఈ మాటే స్పష్టంగా ప్రకటించింది. పచ్చ గీత గాంధీ బొమ్మకు దగ్గరగా ఉంటే నకిలీ, గవర్నర్ సంతకానికి దగ్గరగా ఉంటే అసలు అన్నది కూడా పుకారే. రెండూ చెల్లుతాయి.

ఇక పది రూపాయల నాణెం. 2016 అక్టోబరులో ఢిల్లీ పోలీసులు నకిలీ 5, 10 రూపాయల నాణేలు చేసే ముఠాను పట్టుకున్నారు. అంటే నకిలీ నాణేలు అసలు లేవని కాదు. కానీ ఆ రోజుల నుంచి ఊపందుకున్న పుకారు అసలు నాణేలన్నింటినీ మింగేసింది. రూపాయి గుర్తు లేకపోతే నకిలీ అన్నారు. పది గీతలుంటే అసలు, పదిహేను గీతలుంటే నకిలీ అన్నారు.

నిజం చూడండి. రూపాయి గుర్తును దేశం ఎంచుకున్నది 2010లో. నాణేల మీదకు వచ్చింది 2011లో. అంతకుముందు ముద్రించిన నాణెం మీద ఆ గుర్తు ఎక్కడి నుంచి వస్తుంది? అప్పటిదాకా 14 డిజైన్లలో పది రూపాయల నాణేలు విడుదలయ్యాయని, అన్నీ చెల్లుతాయని 2018 జనవరి 17న రిజర్వ్ బ్యాంక్ ప్రకటన ఇచ్చింది. నాణెం చాలా ఏళ్లు బతుకుతుంది. అందుకే పాత డిజైన్, కొత్త డిజైన్ ఒకేసారి చేతిలో కనిపిస్తాయి. డిజైన్ వేరుగా ఉండటం నకిలీకి గుర్తు కాదు.

నాణెం మీద సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్ టంకశాలలో తయారైనది. ఒకప్పుడు సైఫాబాద్‌లో, 1997 నుంచి చర్లపల్లిలో నడుస్తున్న టంకశాల అది. వజ్రం ఆకారం ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. మన ఊళ్లో తయారైన నాణేన్ని మన ఊళ్లోనే చెల్లదంటున్నాం.

మరి నకిలీ నాణెం ఎలా తెలుస్తుంది? పది రూపాయల నాణెంలో బయటి పసుపు వలయం, లోపలి తెల్ల బిళ్ల వేర్వేరు లోహాలు. రెండూ సందు లేకుండా బిగిసి ఉంటాయి. ఊడేలా కదులుతుంటే, అక్షరాలు అరిగినట్టు కాక మొదటి నుంచే మొద్దుగా ఉంటే, పక్కన పెట్టిన అదే డిజైన్ నాణెం కంటే తేలిగ్గా ఉంటే అనుమానించండి. అంతే తప్ప గీతలు లెక్కపెట్టి కాదు.

నాణేల చట్టం 2011 ప్రకారం రూపాయి, ఆపై నాణేలు ఒక లావాదేవీలో 1000 రూపాయల దాకా చెల్లుతాయి. అంతకు మించి సంచి తెచ్చి ఇస్తే దుకాణదారు వద్దనవచ్చు. బ్యాంకులో జమ చేయడానికి ఆ పరిమితి లేదు. యాభై పైసలు కూడా ఇంకా చెల్లుబాటే. 2011 జూన్ 30తో ఆగిపోయినవి పావలా, అంతకంటే చిన్నవి మాత్రమే.

చేతికి వచ్చేసింది, ఇప్పుడేంటి?

అసలు పరీక్ష ఇక్కడే. చాలామంది ఏం చేస్తారంటే, "నాకు ఒకడు అంటగట్టాడు, నేనూ ఇంకొకడికి అంటగడతా" అనుకుంటారు. పెట్రోల్ బంకులోనో, చీకట్లో ఆటోవాలాకో ఇచ్చేస్తారు. కొందరైతే చందా డబ్బాలో వేసేస్తారు. ఆ నోటు తిరిగి తిరిగి చూపు ఆననివాడి దగ్గరో, రద్దీలో చూసుకోలేనివాడి దగ్గరో ఆగుతుంది.

బ్యాంకుకు ఎందుకు ఇవ్వరు? రెండు కారణాలు. ఒకటి, డబ్బు పోతుంది. నకిలీ అని తేలితే బ్యాంకు దాన్ని జప్తు చేసి, 'నకిలీ నోటు' అని ముద్ర వేసి ఉంచుకుంటుంది. తిరిగి ఇవ్వదు, ఖాతాలో జమ చేయదు. రెండోది భయం. మన ఇళ్లలో ఈ భయం కాస్త ఎక్కువే. "మన పేరు చూసి ఏ కేసులో ఇరికిస్తారో, ఎందుకొచ్చిన గొడవ, చింపి పారెయ్" అనే పెద్దవాళ్లు ఉన్నారు.

రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఏమిటో తెలిస్తే ఈ భయం చాలావరకు తగ్గుతుంది. ఒకసారి చేసిన జమలో నాలుగు దాకా నకిలీ నోట్లు దొరికితే బ్యాంకు మీ మీద అక్కడికక్కడ కేసు పెట్టించదు. నెలాఖరున పోలీసులకు కలిపి ఒక నివేదిక పంపుతుంది. ఐదు, అంతకు మించి ఉంటేనే ఎఫ్ఐఆర్ కోసం పంపాలి. ఎన్ని దొరికినా మీకు రసీదు ఇవ్వాల్సిందే. ఆ రసీదు అడిగి తీసుకోండి, దాచుకోండి. మీరు నిజాయితీగా తెచ్చి ఇచ్చారనడానికి అదే సాక్ష్యం.

చట్టం కూడా తెలియక మోసపోయినవాడిని, తెలిసి చెల్లించేవాడిని వేర్వేరుగా చూస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 179వ సెక్షన్ ప్రకారం, నకిలీ అని తెలిసి అసలుదిగా చెల్లిస్తే యావజ్జీవం లేదా పదేళ్ల దాకా జైలు. అలా వాడే ఉద్దేశంతో దగ్గర పెట్టుకుంటే 180వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా. అయితే నోటు న్యాయమైన మార్గంలోనే వచ్చిందని చూపించగలిగితే దగ్గర ఉండటం నేరం కాదని 180వ సెక్షన్ వివరణలోనే ఉంది.

2001లో సుప్రీంకోర్టు తేల్చిన ఛత్తీస్‌గఢ్ కేసు ఒకటి గుర్తు చేసుకోవాలి. సుమారు పద్దెనిమిదేళ్ల విద్యార్థి మామిడిపండ్లు కొనడానికి వంద నోటు ఇచ్చాడు. అమ్మే ఆమెకు అనుమానం వచ్చి పక్క దుకాణంలో చూపించింది. నకిలీ అన్నారు. అతని ఇంట్లో అలాంటివే మరికొన్ని దొరికాయి. కింది కోర్టులు దోషి అన్నాయి. సుప్రీంకోర్టు మాత్రం, అవి నకిలీవని అతనికి తెలుసని నిరూపించలేదు కాబట్టి దగ్గర ఉన్నంత మాత్రాన శిక్ష వేయలేమని విడుదల చేసింది. న్యాయం జరిగింది, నిజమే. కానీ మామిడిపండ్ల కోసం ఇచ్చిన నోటు ఒక కుర్రాడిని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లింది. తెలియనివాడికే అంత తిప్పలైతే, తెలిసి చెల్లించినవాడికి ఏ రక్షణ ఉంటుంది?

కాబట్టి ఎవరైనా ఇస్తున్నప్పుడే అనుమానం వస్తే మర్యాదగా "భాయ్, ఇది మార్చి ఇవ్వండి" అనండి. నిందించొద్దు, ఇచ్చినవాడు కూడా మోసపోయి ఉండొచ్చు. ఒకే మనిషి మళ్లీ మళ్లీ ఇస్తుంటే 112కు ఫోన్ చేయండి. తర్వాత తెలిస్తే కవర్లో పెట్టి, ఎప్పుడు ఎక్కడ వచ్చిందో గుర్తున్నంత రాసుకుని బ్యాంకుకు వెళ్లండి. చింపొద్దు, కాల్చొద్దు. బ్యాంకు కౌంటర్లోనో ఏటీఎంలోనో వచ్చిందనిపిస్తే అప్పటికప్పుడే బ్రాంచి మేనేజర్‌కు కాగితం మీద రాసి ఇవ్వండి. 100, ఆపై నోట్లను యంత్రంతో పరీక్షించాకే మళ్లీ జనానికి ఇవ్వాలన్నది వాళ్లకు ఉన్న నిబంధన. పట్టించుకోకపోతే ఎక్కడ, ఎలా ఫిర్యాదు చేయాలో రిజర్వ్ బ్యాంక్ 14448 నంబర్‌లో చెబుతారు.

పిల్లల ఫోన్లలోకి వస్తున్న ఎర

అన్నిటికంటే ప్రమాదం ఇది. "ఒక లక్ష ఇస్తే మూడు లక్షలు", "మెషీన్ కూడా పట్టలేని నోట్లు" అంటూ సోషల్ మీడియాలో వీడియోలు వస్తున్నాయి. పని లేని, అప్పుల్లో ఉన్న కుర్రాళ్లే వీళ్ల గురి. ఇందులో చాలావరకు అచ్చమైన మోసం. పైనా కిందా ఒక్కో అసలు నోటు, మధ్యలో తెల్ల కాగితాలు పెట్టిన కట్ట చేతికిస్తారు. పోయినవాడు పోలీసులకు ఏమని చెప్పుకుంటాడు?

ఒకవేళ నిజంగానే నకిలీ నోట్లు ఇస్తే పరిస్థితి ఇంకా ఘోరం. 2013 నుంచి, అధిక నాణ్యత గల నకిలీ కరెన్సీని చలామణి చేసి దేశ ద్రవ్య స్థిరత్వాన్ని దెబ్బతీయడం యూఏపీఏ చట్టంలో ఉగ్రవాద చర్యల కిందికి వచ్చింది. ఆ చట్టం కింద కేసు పడితే బెయిలు రావడమే గగనం. ఒక్క కుర్రాడి అత్యాశకు ఇల్లంతా ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగాలి. ఈ సంగతి మన పిల్లలకు ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాల్సింది మనమే.

భారం ఎవరు మోయాలి?

నిజాయితీగా నోటు తెచ్చి ఇచ్చినవాడికి రసీదు, 500 నష్టం. దొంగచాటుగా అంటగట్టినవాడికి 500 మిగులు. వ్యవస్థ ఇలా ఉన్నంతకాలం నకిలీ నోట్లు బ్యాంకు దాకా రావు, బజార్లోనే తిరుగుతాయి. నకిలీ నోటుకు పూర్తి డబ్బు ఇమ్మని అడగలేం. అలా ఇస్తే ముద్రించేవాడికి పండగే. కానీ గుర్తింపు కార్డు ఉన్న వీధి వ్యాపారులకు, ఏడాదికి ఒకటి రెండు నోట్ల మేరకైనా ఊరట ఇచ్చే ఆలోచన ప్రభుత్వం చేయవచ్చు. పండగ రోజుల్లో బజారు మొదట్లో బ్యాంకులు ఒక యూవీ లైటు, ఒక ఉద్యోగిని పెట్టవచ్చు. తెలుగు, ఉర్దూ రెండింటిలో పోస్టర్లు అతికించవచ్చు. నోటు వెనక రెండు భాషలకూ చోటిచ్చినవాళ్లు దాని గురించి చెప్పేటప్పుడు ఇవ్వలేరా?

వాళ్లు చేసేలోపు మనం చేయగలిగినది మన చేతిలో ఉంది. వ్యాపార సంఘాలు, మహల్లా కమిటీలు ఒక సాయంత్రం అరగంట కేటాయించి నోటు వంచి చూడటం నేర్పిస్తే చాలు. ఇంట్లో అమ్మీకి, నానీకి, కొట్లో కూర్చునే తమ్ముడికి చూపించండి. ఈసారి ఎవరైనా పది రూపాయల నాణెం ఇస్తే గల్లా పెట్టెలో వేసుకోండి. 500 నోటు ఇస్తే రెండు సెకన్లు ఆగి వంచి చూడండి. నకిలీ అని తెలిసిన నోటు చేతికొస్తే ఇంకొకరి చేతిలో పెట్టకుండా బ్యాంకుకు తీసుకెళ్లండి. 500 పోతాయి, బాధే. కానీ మీ తర్వాత దాన్ని అందుకోబోయేది ఆ తోపుడు బండాయనే కావచ్చు.